మా ఫ్లాట్‌లో పారిస్

లండన్ నుంచి సింగపూర్ దాకా, విమానం ఎక్కకుండా, రైళ్ళలోనూ బస్సుల్లోనూ ఓడల్లోనూ మేమిద్దరం ఆర్నెల్లు తిరిగి వచ్చామని తెలిసినవాళ్ళందరూ ఒకటే అడుగుతారు: "అన్నిటికన్నా కష్టమైన చోటేది?" మధ్య ఆసియా ఎడారి పేరో, లోయ అంచున నడిచిన బస్సు సంగతో చెబుతామని వాళ్ళ ఆశ. మావారు మర్యాదస్తులు కనుక ఎడారి అనేసి ఊరుకుంటారు. ఇవాళ నేను నిజం చెప్పేస్తున్నాను. ఆ ప్రయాణం మొత్తంలో మేము ప్రాణాలు అరచేత పెట్టుకుని గడిపిన చోటు లండన్ దగ్గర బ్రాక్‌నెల్‌లో మా సొంత ఫ్లాటు. ఆ ఘోరం మొత్తం నా చేతి చలవే.

మావారు ఇక్కడే ఒక ఐటీ ఆఫీసులో పనిచేస్తారు. నేను ఒక సర్జరీలో, అంటే డాక్టరుగారి క్లినిక్‌లో, రిసెప్షనిస్టుని. ఇద్దరికీ సెలవు దొరికిన రోజు నుంచి నేను నేల మీద నడవడం మానేశాను. ఎవరు కనబడ్డా, అడిగినా అడగకపోయినా, "మేము సమర్‌ఖండ్ మీదుగా వెళ్తున్నాం" అని చెప్పేదాన్ని. సూపర్‌మార్కెట్‌లో ఒక పెద్దాయనకి ఉల్లిపాయల బుట్ట దగ్గర రూటంతా వివరించాను. పాపం, ఆయన నన్ను కాస్త పక్కకి జరగమన్నారంతే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మేము గుమ్మం దాటకముందే సన్మానం చేయించుకున్నాం. సన్మానం చేసినావిడ మా కింది ఫ్లాటులో ఉండే విమల ఆంటీ. ఆవిడ ఈ దేశం వచ్చి ఎన్నో ఏళ్ళయింది గానీ, మాట మాత్రం కరీంనగర్ దాటి రాలేదు. బయల్దేరే ముందురోజు సాయంత్రం చుట్టుపక్కల తెలుగువాళ్ళందరినీ పిలిచి, భోజనాలు పెట్టి, మా ఇద్దరికీ శాలువాలు కప్పింది. నన్ను మాట్లాడమన్నారు. మామూలుగా మాట్లాడి కూర్చుంటే నేను నేనెందుకవుతాను?

"ప్రయాణమంటే ముందుచూపు," అన్నాను. "మన వస్తువు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలగాలి."

కళ్ళు మూసుకుని మరీ చూపించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు పొద్దున లండన్ స్టేషన్‌లో పారిస్ రైలు కోసం వరసలో నిలబడ్డాం. గాజు గదిలోని అధికారి మా పాస్‌పోర్టులు రెండూ తెరిచి చూసి, మూసి, మెల్లగా నా వైపు జరిపాడు.

"ఇవి చెల్లవండీ."

"ఎందుకు చెల్లవు? మేము సింగపూర్ దాకా వెళ్ళాలి."

"కావచ్చు. వీటితో మాత్రం ఈ గేటు కూడా దాటలేరు," అన్నాడు చాలా మర్యాదగా, వేలితో మూల చూపిస్తూ.

రెండింటికీ మూల కత్తిరించి ఉంది. ఇక్కడ కొత్త పాస్‌పోర్టు ఇచ్చినప్పుడు, పాతదాని మూల కత్తిరించి, జ్ఞాపకంగా దాచుకోమన్నట్టు తిరిగి పంపిస్తారు. నేను ఆ జ్ఞాపకాలు పట్టుకుని వచ్చానన్నమాట.

మావారు పాస్‌పోర్టుల వైపు కాసేపు చూసి అడిగారు. "పద్మా, మన కొత్తవి నీలం రంగు కదా. ఇవి ఎర్రగా ఉన్నాయేం?"

ఎరుపుకీ నీలానికీ తేడా తెలియని మనిషి తనని ఆసియా ఖండం దాటించడానికి బయల్దేరిందని ఆయనకి అప్పుడు అర్థమయింది.

"కొత్తవి ఎక్కడున్నాయి?"

"భద్రంగా పెట్టాను."

"అదే, ఎక్కడ?"

"భద్రంగా అండీ."

మీ ఇళ్ళలో ఎలాగో నాకు తెలియదు. మా ఇంట్లో పోయిన వస్తువు దొరికే అవకాశం ఉంది గానీ, నేను భద్రంగా పెట్టిన వస్తువు మాత్రం దొరకదు.

రైలు మమ్మల్ని వదిలేసి పారిస్ వెళ్ళిపోయింది. మావారు కాఫీ తెచ్చిచ్చి, "ఇంటికెళ్ళి వెతుక్కుని ఇంకో రైలెక్కుదాం. ఇందులో ఏముంది?" అన్నారు.

"ఏముందా? నిన్న శాలువాలు కప్పించుకుని ఇవాళ మెట్ల మీద కనబడమంటారా? నా ఉపన్యాసం ఇంకా వాళ్ళ చెవుల్లోనే ఉంటుంది."

"తప్పు అందరూ చేస్తారు."

"అందరూ చేస్తారు. అందరూ ముందుచూపు గురించి మాట్లాడి చెయ్యరు."

చివరికి నా మాటే నెగ్గింది. నా మాట నెగ్గిన రోజులన్నీ మా చరిత్రలో ఇలాగే ఉంటాయి. మధ్యాహ్నం విమల ఆంటీ కునుకు తీసే వేళ చూసుకుని, బూట్లు చేత్తో పట్టుకుని, వీపు మీద మూటలతో మా మెట్లు మేమే దొంగల్లా ఎక్కాం. ఇంట్లోంచి దోచుకుపోయే దొంగల్ని చూశాం గానీ, సామాను మోసుకొచ్చి లోపల పెట్టే దొంగలం మేమే.

ఆ నిమిషం నుంచి మా ఇల్లు అజ్ఞాతవాసం. కర్టెన్లు తియ్యకూడదు, లైటు వెయ్యకూడదు. మా ఫ్లాట్ల నేల అప్పడం లాంటిది. ఇక్కడ స్పూను పడితే కింద వాళ్ళు వంగి వెతుకుతారు. సొరుగులు, సూట్‌కేసులు, పరుపుల అడుగులు, అన్నీ చప్పుడు కాకుండా వెతికాం. పాస్‌పోర్టులు లేవు. ఫ్రిజ్ ఖాళీ చేసి వెళ్ళాం కనుక తిండీ లేదు. దారికని కట్టుకున్న బ్రెడ్డు మాత్రం ఉంది.

ఈలోగా వాట్సాప్ గ్రూపులో "పారిస్ ఫోటోలేవి?" అని ఒకరి తర్వాత ఒకరు. మావారిని కర్టెన్ ముందు కూర్చోబెట్టి, మెడకి మఫ్లర్ చుట్టి, ఫోటో తీసి పంపాను. కింద "హోటల్‌లో విశ్రాంతి, బయట వాన" అని రాశాను.

అది చూసి విమల ఆంటీ ఫోన్ చేసింది.

"పారిస్ ఎట్లుంది బిడ్డా?"

ఆవిడ గొంతు ఒకటి ఫోన్లోంచి, ఇంకొకటి నేలలోంచి వినబడింది. నేను గొంతు తగ్గించి, "బాగుంది ఆంటీ," అన్నాను.

"ఇటు సంగతి చెప్త, పరేషాన్ గాకు. మీ ఫ్లాట్‌ల ఎలుకలు వడ్డట్టున్నయి. మధ్యాహ్నంసంది ఒకటే సప్పుడు."

"ఎలుకలా? మా ఇంట్లో ఎలుకలు లేవే."

"ఉన్నయమ్మా. నేను ఇంటున్న గద. ఒకటి సన్నగ ఉరుకుతున్నది. ఇంకోటి బాగ బరువుంటది. కౌన్సిల్‌కు ఫోన్ చేస్త, మందు కొట్టిపోతరు."

బరువుగా ఉన్న ఎలుక మంచం అంచున కూర్చుని నా వైపు నొచ్చుకున్నట్టు చూసింది. కౌన్సిల్ వాళ్ళని, అంటే ఇక్కడి మునిసిపాలిటీ వాళ్ళని, పిలవద్దని ఆవిడని బతిమాలి, ఫోన్ పెట్టేసరికి నాకు చెమట పట్టింది.

మర్నాటికి బ్రెడ్డు అయిపోవచ్చింది. మావారు ఓపిక గల మనిషే గానీ, ఆ ఓపిక కడుపు నిండా అన్నం ఉన్నప్పుడే పనిచేస్తుంది.

"బియ్యం కాసిని ఉన్నాయి. చారెడు కందిపప్పు వేసి ఏదైనా ఉడికిద్దూ," అన్నారు.

"కందిపప్పు ఎక్కడిదండీ? పురుగు పడుతుందని వెళ్ళే ముందు డబ్బాతో సహా విమల ఆంటీకి..."

అక్కడ ఆగిపోయాను. మావారు నా మొహం చూసి, మెల్లగా లేచి నిలబడ్డారు.

"పద్మా. చెప్పకు."

"సన్మానం హడావుడిలో మనింటికీ జనం వచ్చిపోతుంటారని, కొత్త పాస్‌పోర్టులు కవర్లో చుట్టి..."

"చెప్పకన్నానా."

"కందిపప్పు డబ్బా అడుగున పెట్టానండీ. భద్రంగా."

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారంటారు. నేను ఆ పిల్లని కిందింటికి ఇచ్చేసి వెతుకుతున్నాను. మావారు కిటికీ దగ్గరికి వెళ్ళి కాసేపు మూసిన కర్టెన్‌ని చూశారు. తర్వాత, "అయితే మనం ఎవరి నుంచి దాక్కున్నామో వాళ్ళింట్లోనే ఉన్నాయి. కిందికెళ్ళి అడుగు," అన్నారు.

ఎవరైనా అదే చేస్తారు. నేను పారిస్ నుంచి ఫోన్ చేశాను.

"ఆంటీ, మేమిచ్చిన కందిపప్పు వాడారా?"

"పారిస్ వోయి కందిపప్పు ముచ్చటేందే? ఇంక వాడలే."

"వాడకండి ఆంటీ. అందులో పురుగుందేమోనని అనుమానం."

"అట్లనా. మంచిగ చెప్పినవ్. చెత్తబండి వచ్చే యాల్లయింది, డబ్బతోని పారేస్త."

"వద్దాంటీ. పురుగు లేదు."

"ఇప్పుడే ఉన్నదన్నవ్."

"ఉంది గానీ మంచి పురుగే."

"నీకు జరం గిట్ల వచ్చిందా? ఆగు, చేతుల పట్టుకున్న గద, పారేసి వస్త. ఫోన్ పెట్టకు."

కర్టెన్ సందులోంచి చూశాను. విమల ఆంటీ ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చంకలో మా సింగపూర్ ప్రయాణాన్ని ఇరికించుకుని, చెత్త డబ్బాల వైపు నడుస్తోంది. రోడ్డు మలుపులో బండి చప్పుడు వినబడుతోంది.

తర్వాత నేను ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. మావారు చెప్పినదాని ప్రకారం, నైటీ మీదే, కాళ్ళకి చెప్పులు లేకుండా, చెవి దగ్గర ఫోను తియ్యకుండా మెట్లన్నీ దిగాను. ఆవిడ చెత్త డబ్బా మూత ఎత్తుతుండగా ఎదురుగా వెళ్ళి నిలబడి ఆయాసపడుతున్నాను.

విమల ఆంటీ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. మూత దించింది. తర్వాత ఫోన్లో, "పద్మా, ఒక్క నిమిషమాగు బిడ్డా. అచ్చం నీ లెక్కనే ఉన్న పిల్ల ఒకామె వచ్చి నా ముంగట నిలవడ్డది," అంది.

నా తెలివి అక్కడా అడ్డొచ్చింది. ఫోన్లోనే, "అలాగా ఆంటీ," అన్నాను.

ఇద్దరం ఒకరి పెదవులు ఒకరం చూసుకున్నాం. ఆవిడే ముందు ఫోన్ దించింది.

"నువ్వు పారిస్‌ల లేవా?"

"లేనాంటీ."

"మరి రవి?"

"పైన ఉన్నారు. ఆ బరువు ఎలుక ఆయనే."

జరిగిందంతా అక్కడే చెప్పాను. తిడుతుందనుకున్నాను. నవ్వుతుందనుకున్నాను. ఆవిడ మొహం మాత్రం చిన్నబోయింది.

"నా నెత్తి మీదనే ఉండి రెండు రోజులు బ్రెడ్డు తిన్నరా? నాకు చెప్పనీకె అంత సిగ్గయిందా? కప్పిన శాలువా వాపసు గుంజుకుంటనా నేను?"

రెండు రోజులుగా ఎవరు నవ్వుతారోనని లెక్కలు వేసుకున్నాను గానీ, ఎవరు నొచ్చుకుంటారో ఒక్కసారీ అనుకోలేదు. నేను ఏడవడం మొదలుపెట్టేసరికి ఆవిడకి నవ్వొచ్చింది. డబ్బా నా చేతిలో పెట్టి, "ఏడుపు తర్వాత. ముందు అన్నం తిందురు, రవిని పిలువు," అంది.

ఆవిడ వంటింట్లో కందిపప్పు పళ్ళెంలో కుమ్మరించాం. అడుగు నుంచి నీలం పాస్‌పోర్టులు రెండూ పసుపు దుమ్ము పూసుకుని, పెళ్ళికి తయారైనట్టు వచ్చాయి. ఆ పప్పే ఉడికించి, నెయ్యి వేసి మాకు పెట్టింది. మావారు మూడోసారి వడ్డించుకున్నాక గానీ మాట్లాడలేదు.

మర్నాడు ఆవిడే మమ్మల్ని బ్రాక్‌నెల్ స్టేషన్ దాకా కారులో తీసుకెళ్ళింది. దిగే ముందు పాస్‌పోర్టులు అడిగి తీసుకుని, రంగు చూసి, మూలలు తడిమి, మావారి జేబులో పెట్టింది. నా వైపు చూడను కూడా లేదు. ప్లాట్‌ఫాం మీద నేను కాళ్ళకి దండం పెట్టి, "వెళ్ళొస్తామాంటీ," అన్నాను.

"వద్దు బిడ్డా," అంది చాలా శాంతంగా. "మొన్న పోయి రాండ్రి అన్నందుకే పొద్దుగూకకముందే వచ్చిండ్రు. గీసారి గట్ల అనను. పొండ్రి."

వెళ్ళాం. ఆ రైల్లోనే, మావారి సాక్షిగా, కుడి చెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇక ఏ వస్తువునూ భద్రంగా దాచను. అంత విలువైనదైతే తలుపులు తీసి బల్ల మీద పెడతాను. నాకు కాకపోయినా దొంగకైనా దొరుకుతుంది.