ముత్యాలప్ప మైక్రోమీటరు

హిందూపురం ముత్యాలప్పకు ముక్కు మీదే కోపం. ‘సరే’ అనే మాట ఆయన నోట విన్నవాళ్ళు లేరు. బోరుబండ్ల కంప్రెసర్లకు పిన్నులు చేసే చిన్న షెడ్డు ఆయనది. పెళ్ళయిన ఏడు కొన్న మైక్రోమీటరును డబ్బాలో గుడ్డ చుట్టి దాచుకుంటాడు. వెంట్రుక మందం కూడా చెప్పే ఆ పనిముట్టును ఇంకొకరు ముడితే ఊరుకోడు. ఆయుధపూజ నాడు బొట్టు కూడా డబ్బాకే పెడతాడు, లోపల కుంకుమ రేణువు పడితే కొలత చెడుతుందని. ఇంత జాగ్రత్తపరుడు తప్పు కొలుస్తాడని ఎవరనుకుంటారు? ఆయన అసలే అనుకోలేదు.

పిన్నులు గ్రైండింగ్ చేసే దాసప్ప కూడా ఆ షెడ్డులోనే తల నెరిసినవాడు. కొన్నాళ్ళుగా ఇద్దరికీ పడడం లేదు. దాసప్ప కొత్త మైక్రోమీటరు సరిగ్గా పదహారు మిల్లీమీటర్లు చూపిస్తే, ముత్యాలప్పది కాస్త తక్కువ చూపిస్తుంది.

"ఎక్కువ అరగదీసేస్తాండావు. నీ చెయ్యి పోయినాదప్పా!" అన్నాడు ముత్యాలప్ప, అదీ పిన్నుల కోసం వచ్చినవాళ్ళ ముందర.

"నా చెయ్యి బాగానే ఉండాది. డబ్బాలో ఉండేదాన్ని యాడన్నా చూపిచ్చుకో పో!"

దాసప్ప చేతిగుడ్డ గ్రైండరు మీద పడేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

తన మైక్రోమీటరులో తప్పు లేదని కాగితం తెచ్చి వాడి మొహాన కొట్టాలని ముత్యాలప్ప పెనుకొండ బస్సెక్కాడు. అక్కడ ల్యాబ్‌లో తమ్ముడి కూతురు ప్రశాంతి కొలత పనిముట్లు పరీక్షిస్తుంది.

"ఏమ్మా, ఇది సరిగ్గా ఉండాదని రాసియ్యి, పోతా."

"కూచో పెదనాయనా. ఎండలో వచ్చినాది, ముందు చల్లబడనీ. వేడికి ఇనుము సాగుతాది కదా."

"నా ఇనుమేం సాగదులే" అని గొణిగాడు గానీ, ఏసీ గదిలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి ప్రశాంతి దాన్ని తుడిచి పూర్తిగా మూసింది. సున్నా దగ్గర గీతకు గీత కలిసింది.

"చూసినావా! ఆ దాసప్పకు చూపియ్యి!"

ఆమె కొలత ముందే తెలిసిన ఉక్కు బిళ్ళలను ఒక్కొక్కటే పెట్టి చూసింది. చిన్న బిళ్ళకు సరిపోయింది. పెద్ద బిళ్ళకూ సరిపోయింది. పదహారు బిళ్ళ దగ్గర మాత్రం తక్కువ చూపించింది. తీసి మళ్ళీ పెట్టినా అంతే.

"ఇన్నేండ్లూ దీంతో ఏం కొలిచినావు?"

"పదహారు పిన్నులే. ఇంకేముండాది కొలిచేకి?"

"లోపలి స్క్రూ మర ఆ ఒక్క చోటే అరిగినాది పెదనాయనా. నువ్వు రోజూ నిలిపిన చోటే. మిగతాదంతా కొత్తదే."

ముత్యాలప్ప బిళ్ళను తన చేత్తో పెట్టి చూసుకున్నాడు.

"అయితే వాడు సరిగ్గానే అరగదీసినాడా?"

"సరిగ్గానే."

ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నలుగురి ముందర ఎంత మాటన్నాను! ప్రశాంతి వాడకూడదని ఎర్ర స్టిక్కరు అంటిస్తుంటే వద్దనలేదు.

తిరుగుబస్సు దిగి నేరుగా దాసప్ప ఇంటికి పోయాడు. దాసప్ప అరుగు మీద నుంచి లేవలేదు. ముత్యాలప్ప డబ్బా చేతికిచ్చాడు.

"తప్పు దీనిదేనప్పా. పదహారు కాడ అరిగినాది."

దాసప్ప మూత తీసి ఎర్ర స్టిక్కరు చూశాడు.

"అందరి ముందర అంటివి."

"అందరి ముందరే చెప్తా. రేపు రా."

"వస్తే, కొలిచేది దేంతో?"

"నీది ఇస్తే కొలుస్తా."

"నాది ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పుకోను. నేను కొలుస్తా. నువ్వు పక్కన నిలబడి చూడు."



"సరే" అన్నాడు ముత్యాలప్ప.