కుళాయికి తగిలించిన రక్తనాళం

గొట్టాలమ్మ పాత పగతో సొంత బావ ప్రాణం తీస్తోందట! పెళ్లి చేసుకోలేదని ఆయన ఎప్పుడో ఎగతాళి చేశాడట, ఆ కక్ష ఇప్పుడు తీర్చుకుంటోందట. ఈ మాట పుట్టించింది మా వీధి కుట్టుమిషనావిడ. చొక్కాకు రెండు చేతులూ సమంగా కుట్టడం రాదు గానీ, ఎదుటివాళ్ల గుండె లోతు మాత్రం ఇట్టే కొలిచేస్తుంది.

అసలు సంగతి వినండి. గొట్టాలమ్మ పరిశోధనశాలలో కృత్రిమ రక్తనాళాలు తయారుచేస్తుంది. చిన్నప్పుడు జడ రిబ్బన్ల పోగులు లాగి తల్లిచేత తన్నులు తిన్న పిల్లే. ఓసారి తను కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోతే ఇచ్చే వంకతో వెళ్లి అంతా చూసొచ్చాను. సాగే ప్లాస్టిక్కు ఒకటి, తెగని ప్లాస్టిక్కు ఒకటి కలిపి పాకంలా కరిగిస్తారు. గాజుపెట్టెలో సూదికి కరెంటు పెడితే, మొన నుంచి సాలెపోగు కన్నా సన్నని దారం లేచి, గిరగిర తిరిగే కడ్డీకి చుట్టుకుంటుంది. కడ్డీ లాగేస్తే పెన్ను రీఫిల్లంత తెల్లని గొట్టం.

బావకి మూత్రపిండాలు పోయాయి. రక్తం శుభ్రంచేసే యంత్రానికి చేతిలో మంచి నాళం కావాలి. ఆయనది పాడైంది. ఆసుపత్రివాళ్లు వేసిన గొట్టమూ పూడుకుపోయింది. ప్రస్తుతానికి మెడ దగ్గర గొట్టంతో నెట్టుకొస్తున్నారు. దాంతో ఆయన భార్య, అంటే గొట్టాలమ్మ అక్క, నువ్వు చేసిన గొట్టమే ఇమ్మని చెల్లెలి మీద పడింది. ఆమె సంచిలోని నమూనా గొట్టం లాక్కుని, వంటింటి కుళాయికి దారంతో బిగించి, మమ్మల్నందరినీ పిలిచి మరీ నీళ్లు వదిలింది.

"చూశారుగా! చుక్క కారిందా? కుళాయి జోరుకే ఆగింది, మా ఆయన రక్తానికి ఆగదా?"

"నీళ్లు గడ్డకట్టవే అక్కా."

"గడ్డకట్టింది నీ మనసు!"

తగుదునమ్మా అని కుట్టుమిషనావిడ గొట్టాన్ని రెండుసార్లు లాగి, "గట్టి సరుకే" అని తీర్పిచ్చింది. ఇంకేం, వీధి వీధంతా శస్త్రవైద్యులే! ఆ రోజు నుంచి అక్క మాటలు మానేసింది. ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది.

ఈ మహాతల్లి మాత్రం తక్కువా? నాలుగు మాటలు చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయి కాబోలు, తలుపేసుకుని కూర్చుంది. ఉండబట్టలేక నేనే గుమ్మంలో పట్టుకున్నాను.

"సూటిగా చెప్పవే. మీ బావకి ఎందుకివ్వవు?"

చెప్పులు వేసుకుంటున్నదల్లా ఆగింది.

"గొర్రెలకి పెట్టి చూస్తున్నాం పిన్నీ. వాటిలోనే ఇంకా పూడుకుపోతున్నాయి. అక్క నన్ను బతికినంతకాలం తిట్టుకోనీ. పక్కన కూర్చుని తనూ నాలుగు తిట్లు కలపడానికి బావ బతికుండాలి కదా."