రెండు గొడుగులు

ఇస్త్రీ అక్క నాలుక ఆమె ఇస్త్రీపెట్టెకన్నా వేడి. వీధిలో ఎవరికైనా చురక తగలాల్సిందే. సాయంత్రమయ్యేసరికి మాత్రం మంచం పట్టిన చెల్లెలి పక్కన చేరి మెత్తబడిపోతుంది. గోడమీద ఒక పచ్చటి దీవి బొమ్మ ఉంది. చెల్లెలు లేచి తిరిగితే ఇద్దరూ అక్కడికి వెళ్ళాలని అనుకున్నారు. అందుకని అక్క రోజూ సూట్‌కేసు తెరిచి, చీరల మడతలు అరచేత్తో సాపుచేసి మళ్ళీ సర్దుతుంది. "ఇక ఆశ పెట్టుకోకమ్మా" అని డాక్టరు ఈ ఉదయం అన్న మాటను దిగమింగి, ఇవాళా సర్దడానికి కూర్చుంది.

"అక్కడ వాన చెప్పి రాదటే," అంటూ రెండు గొడుగులు పెట్టింది.

చెల్లెలు వాటిని కాసేపు చూసింది. "రెండెందుకే అక్కా, ఉత్త బరువు. ఒక్కదానివే మోసుకెళ్ళాలిగా!"

"నోర్ముయ్యవే" అనబోయింది అక్క. ఊరందరినీ కడిగేసే ఆ నోరు పెగల్లేదు. రెండో గొడుగు తియ్యడానికీ, సూట్‌కేసు మూత వెయ్యడానికీ కూడా చెయ్యి రాలేదు.