లేడీస్ డే నాడు కూలిన రోబో

ఆ రోజుల్లో ఆడపిల్లలు ఆబిడ్స్‌కు గాజుల కోసం వెళ్లొచ్చు, పుస్తకాల కోసం వెళ్లొచ్చు, టైపు నేర్చుకోవడానికీ వెళ్లొచ్చు. వీడియో గేమ్స్ దుకాణంలోకి మాత్రం వెళ్లకూడదు. అలాగని అక్కడెవరూ బోర్డు పెట్టలేదు, మా అన్నే ఆ బోర్డు. టైపు క్లాసు నుంచి వస్తుంటే లోపల రోబోలు పేలుతున్న చప్పుడుకు నా కాళ్లు కదిలేవి కావు. "నన్ను గూడ ఒక్కసారి తీస్కపో అన్నా" అని ఎంత బతిమాలినా ఒకటే జవాబు: "గాడ నీకేం పని? గది మొగ పోరగాళ్ల ఆట." (ఆ మొగ పోరగాడికి అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు.)

ఆ చలికాలం నాంపల్లి ఎగ్జిబిషన్‌లోనూ అలాంటి మిషనే ఒకటి వెలిసింది. తెర నిండా రాక్షస రోబో, కింద మన బుజ్జి విమానం. రోబో చేతులూ కాళ్లూ పేల్చి చివరికి గుండెను కొట్టాలి. ఎక్కువ పాయింట్లు కొట్టినవాళ్లు తెర మీద పేరు రాసుకోవచ్చు, అదీ మూడే ఇంగ్లీషు అక్షరాల్లో. అన్న అందరికన్నా పైన తన పేరు ఎక్కించి ఇంటికొచ్చి మహారాజులా అన్నం తిన్నాడు. నాకు కడుపు మండిపోయింది. లేడీస్ డే ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చున్నాను. ఆ ఒక్కరోజు ఎగ్జిబిషన్‌లోకి ఆడవాళ్లను, చిన్నపిల్లలను తప్ప ఎవరినీ రానివ్వరు.

మా ఇంట్లోనే ఉండే పెద్దమ్మ పచ్చడి జాడీలు కొందామని బయల్దేరితే వెంటపడి వెళ్లి, ఆమెను తిన్నగా మిషన్ ముందుకు లాక్కుపోయాను. మొదటి ఆట కళ్లు మూసి తెరిచేలోగా అయిపోయింది. రెండో ఆటకు అసలు సంగతి తట్టింది. కాల్చే బటన్‌ను అందరిలా బొటనవేలితో గుద్దనక్కర్లేదు, టైపు మాస్టారు తిట్టి తిట్టి నేర్పినట్టు రెండు వేళ్లు మార్చి మార్చి ఆడిస్తే చాలు! రోబో చెయ్యి ఊడింది. చుట్టూ పట్టుచీరలు, బురఖాలు మూగాయి. "మోకాలు గొట్టవే! కింద వడ్డంక లేస్తడా?" అని పెద్దమ్మ జాడీలు మరిచి అరుస్తోంది. ఎవరో ముసలావిడ "దిల్ పే మారో బేటీ!" అంటూ నా వీపు చరిచింది. గుండె మీదే కొట్టాను. రోబో ముక్కలైంది. అన్ని చప్పట్లు నా పెళ్లిలో కూడా వినలేదు.

మిషన్ మూడక్షరాలు అడిగింది. నా పేరు రాయబోతుంటే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంటిపేరు లేకుంట పేరేందే? మొదలు గది వెట్టు." సరేనని ఇంటిపేరుకు 'కె' రాసి, మిగిలిన చోట్లో నా పేరులోని 'ఆర్', 'ఏ' ఇరికించాను. రాశాక చూస్తే నా కింద రెండో వరుసలో ఉన్నదీ అదే, కె, ఆర్, ఏ. అన్న కూడా ఇంటిపేరు ముందు పెట్టుకునే బాపతే, పైగా మా ఇద్దరి పేర్లూ 'రా'తోనే మొదలవుతాయి.

మర్నాడు ఎగ్జిబిషన్‌కు వెళ్లిన అన్న గాల్లో తేలుతూ వచ్చాడు. "పెద్దమ్మా, నా రికార్డు నేనే కొట్టిన! ఎప్పుడు కొట్టిన్నో నాకే యాదికొస్తలేదు."

పెద్దమ్మ పప్పు వడ్డిస్తూ, "గది నీది గాదు బిడ్డా, నీ చెల్లెది. పేరు నేనే దగ్గరుండి రాయించిన" అంది.

అన్న ముద్దను కంచంలో పడేశాడు. నా వేళ్లకేసి చూసి, "అబద్ధం! రేపు ఆబిడ్స్‌ల నా ముంగట ఆడి చూపియ్" అన్నాడు. నాకు కావలసిందీ అదే.

ఆ దుకాణంలో కుర్రాళ్లంతా నన్ను వింతగా చూశారు. రోబో రెండు చేతులూ ఊడేసరికి అన్న తెరకు ఇంకా దగ్గరికి జరిగాడు. ఇంతలో ఒకడు "ఇగ చాలు, తప్పుకో" అంటూ ముందుకు తోసుకొచ్చాడు. అన్న వాడికి అడ్డంగా చేతులు చాపి గట్టిగా అరిచాడు: "జరుగున్రి! మా చెల్లె ఆడుతున్నది, కనవడ్తలేదా?" ఆ మాటకు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగి రోబో రెండుగా కనిపించింది. రెంటినీ కూల్చేశాను.

ఇప్పుడు అక్కడ ఆ దుకాణం లేదు, నా వేళ్లకు కీళ్లనొప్పులు. అయినా ఆబిడ్స్ మీదుగా వెళ్లినప్పుడల్లా, జడ వెనక్కి విసురుకుంటూ, అన్నను రెండడుగులు వెనక నడిపించుకుంటూ ఇంటికి పోతున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. ఎంత పొగరే నీకు అని నవ్వుకుంటాను. కాస్త అసూయగా కూడా ఉంటుంది.