జప్తు చేపలకు మేత

ఆ రోజుల్లో నాకు ప్రభుత్వ ముద్ర మీద ఉన్న భక్తి దేవుడి మీద కూడా ఉండేది కాదు. లక్క కరిగించి ముద్ర కొట్టేస్తే ఎంతటి ఆస్తయినా కిక్కురుమనకుండా పడి ఉంటుందని నా నమ్మకం. తాడేపల్లిగూడెం నుంచి వచ్చి, కొల్లేటి పక్క ఊళ్ళో మేనత్త ఇంట్లో ఉంటూ, మండలాఫీసులో కొత్తగా గుమాస్తాగిరీ వెలగబెడుతున్నాను. ఆ ఊళ్ళో చిట్టీలు కట్టించుకుని అందరికీ శఠగోపం పెట్టిన పెద్దమనిషిని (ఊరంతా మర్యాదగా 'చిట్టీల మేష్టారు' అనేవారు, ఆయన బడి మొహం చూసింది తక్కువే) పోలీసులు పట్టుకెళ్ళారు. ఆ డబ్బుతో ఆయన కొన్న చేపల చెరువును ప్రభుత్వం జప్తు చేసింది. కోర్టు అనుమతి రాగానే చేపలు పట్టి, వేలం వేసి, వచ్చినది చిట్టీలు కట్టినవాళ్ళకు పంచుతారట. అందులో మా అత్తయ్య స్లాబు ఉంది. రేకుల కింద ప్రతి వానకీ గిన్నెలు పరిచే మనిషి, స్లాబు వేయించుకుందామని కూడబెట్టినదంతా ఆయన చేతిలో పోసింది.

నేను వెళ్ళి గట్టు మీద బోర్డు పాతించి, మోటారు గది తాళానికి ముద్ర వేసి, ఏనుగెక్కినంత సంబరంగా ఇంటికొచ్చాను. అన్నం వడ్డిస్తూ అత్తయ్య, "బానే ఉందే అమ్మాయ్, మరి చేపలకి మేతెవరేస్తారు?" అంది. ఆ సంగతి నాకు తట్టనే లేదు. మేష్టారి పనివాళ్ళు జీతాల్లేక ఎప్పుడో వెళ్ళిపోయారు. మర్నాడు మా పెద్దసారును అడిగితే, ఆయన కళ్ళజోడు సర్దుకుని, "బోర్డుకి పద్దుందమ్మా, తాళానికి పద్దుంది. మేతకి లేదు. ఆర్డరొచ్చేదాకా చేపల్ని కాస్త ఓపిక పట్టమను," అన్నారు. (గట్టు మీద నిలబడి, చెప్పి చూశాను కూడా.)

చేపలు చస్తే స్లాబు చచ్చినట్టే. అత్తయ్య గేదెకు దాచిన తవుడు బుట్టకెత్తుకుంది. ఆవిడను చూసి తక్కిన చిట్టీవాళ్ళూ వంతులు వేసుకున్నారు. చిల్లుల సంచుల్లో తవుడూ వేరుశనగ చెక్కా నింపి, పడవ మీద వెళ్ళి నీళ్ళలోని కర్రలకు కట్టేవారు. మోసపోయినవాళ్ళే మోసగాడి చేపలను మేపుతున్నారన్నమాట! చేపల కోసం గూడబాతులు దిగితే అత్తయ్య చేట ఊపుతూ, "ఏవండీ, ఇది గవర్నమెంటు చెరువండీ, వెళ్ళండి!" అని కసిరేది. మా వైపు కసురుకోవడం కూడా అండీతోనే.

"ఆ మేష్టారు కనబడనీ, కాలరట్టుకుంటాను," అని ఆవిడ రోజూ శపథం చేసేది. బెయిలు మీద వచ్చిన ఆయన ఓ మధ్యాహ్నం నిజంగానే గట్టు మీద ప్రత్యక్షమయ్యాడు, చిక్కి సగమై. అత్తయ్య పడవ దిగి కొంగు బిగించింది. "మమ్మల్ని నిలువునా ముంచేశారండీ మీరు!" అని మొదలెట్టి, ఆయన మొహం చూసి, "భోంచేశారా?" అంది. పాడు అలవాటు! ఆయన లేదన్నట్టు తల ఊపాడు. తన క్యారియరులోని అన్నం, వంకాయ కూర పెట్టింది. తింటూ ఆయన నీళ్ళకేసి చూసి, "బొచ్చె చేపలు భలే ఎదిగాయండీ. ఒక్కటి ఇంటికి పట్టుకెళ్ళనా?" అన్నాడు.

"ఇంకాస్త అన్నం పెట్టుకోండి. చేపని మాత్రం ముట్టుకోకండి. అవి నా స్లాబండీ," అంది అత్తయ్య. ఆయన మళ్ళీ తలెత్తలేదు. నాకు మాత్రం ఆవిడను చూసి గర్వంతో కళ్ళు చెమర్చాయి.

వేలం జరిగింది. వచ్చిన వాటా ఇల్లంతటికీ చాలక ఒక్క గదికి స్లాబు పడింది. దాన్ని అత్తయ్య ఇప్పటికీ 'చేపల గది' అంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు లోపల అక్వేరియం కోసం వెతుకుతారు. నేనిప్పుడు ఏలూరులో కాస్త పెద్ద కుర్చీలోనే ఉన్నాను. జప్తు అనగానే, "లోపల మేత తినేవి ఏవైనా ఉన్నాయాండీ?" అని అడుగుతాను. కుర్ర గుమాస్తాలు నవ్వుకుంటారు, నవ్వనీ. వాన పడే రోజున ఆ గదిలో పడుకుంటే, గట్టు మీద నిలబడి చేపలను ఓపిక పట్టమని బతిమాలిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది. పాపం, అవి నిజంగానే పట్టాయి.