కిరాయి కారు ఇంజన్

1961 జూన్ 14, బుధవారం, ఉదయం పదిన్నరకు మా కిరాయి కారును బెల్లంపల్లిలో మిస్త్రీ షెడ్డుకు తీసుకెళ్లాం. పదహారేళ్లు బొగ్గుబాయిలో యంత్రాల పక్కన పనిచేసిన మా ఆయన, అక్కడ దాచిన డబ్బుతో కొన్న పాత కారు అది. మా ఇల్లు దానిమీదే గడిచేది. కొన్నాళ్లుగా గుట్ట ఎక్కలేకపోతోంది. ఇంజన్ బాగుచేయిద్దామని ఆయన, వేరే ఇంజన్ వేయిద్దామని నేను.

మిస్త్రీ స్టార్ట్ చేశాడు. లోపల సుత్తెతో కొట్టినట్టు మోగింది.

"గీ చప్పుడు ఎన్నొద్దుల సంది వస్తుందన్నా? ముందే తెస్తే ఉత్త బేరింగులు మార్చుడుతోటి పోతుండె."

"ఏం చప్పుడు?" అన్నాడు మా ఆయన, అతని పెదవులవైపే చూస్తూ.

నెల రోజులుగా నేను వింటున్న చప్పుడది. ఆయనకూ తెలుసనుకున్నాను.

మిస్త్రీ తాళంచెవి తిప్పి ఇంజన్ ఆపేశాడు. బానెట్ వైపు చూస్తున్న మా ఆయన నాతో, "ఇను, ఎంత మెత్తగ నడుస్తుందో" అన్నాడు.

మిస్త్రీ తాళంచెవి బయటికి తీసి చూపించాడు. మా మొహాలు చూశాక ఆయనకు అర్థమైంది.

"వెనకొచ్చే లారీ హారన్ గూడ ఇనవడదు గద," అన్నాడు. "అమ్మేద్దాం."

ఏ ఇంజనూ వేయించలేదు. పోయినవి: కారు, తొమ్మిదేళ్ల కిరాయి బతుకు, ఆయన రెండు చెవులు.