పిన్ని రెండుసార్లు చెప్పింది

మా పిన్ని పోయింది. శుక్రవారం పొద్దున్న, విజయవాడలో, ఆసుపత్రి మంచం మీద. కంకిపాడు మార్కెట్లో చేపలు కొనేవాళ్లకి ఆవిడ తెలిసే ఉంటుంది. నీలం బేసిన్ ముందు కూర్చుని, అడక్కముందే మొప్ప ఎత్తి చూపించేది. "నిన్నటిదండీ, ఇవాళ తీసుకోమాకండి" అని తన సరుకు తానే వద్దనేది. "చేపని అడిగితే చెప్పదురా, ఎత్తి చూడాలి" అనేది నాతో.

క్షయ అని తేలాక ఆవిడకి ఆరు నెలల మందులిచ్చారు. ఆ క్రిమిని చంపే యాంటీబయాటిక్స్. అవి మింగించే పని నేను నెత్తికెత్తుకున్నాను. అప్పటికే ఊళ్లో కరపత్రాలు పంచేవాణ్ణి, నాటువైద్యం మీద, మందులు మధ్యలో మానేసేవాళ్ల మీద. పిన్నికి నవ్వు. "నీ కాగితాలు ఎండు మెత్తళ్లు పొట్లం కట్టడానికి బాగుంటాయిరా, ఇంకో కట్ట పట్రా" అనేది. అయినా రోజూ మాత్రలు మింగి, "వేసుకున్నా మేస్టారూ" అని నాలుక చాపి చూపించేది.

ఐదో వారంలో అన్నం సయించడం మానేసింది. తిన్నదల్లా కక్కేది. చేపల వాసన పడటం లేదంది, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ వాసనలోనే బతికిన మనిషి. "రెండ్రోజులు ఆపుదామా అబ్బాయ్, కుడిపక్క బరువుగా ఉంటంది" అంది. మండిపడ్డాను. మధ్యలో ఆపితే మందుకి లొంగని క్షయ వస్తుందని అరగంట ఉపన్యాసమిచ్చాను.

వారం తర్వాత ఒంటేలు రంగు మారిందంది. దానికి జవాబు నాకు కంఠతా వచ్చు: ఈ మందులకి ఎర్రగా రావడం మామూలే. అది నిజం కూడా.

"ఎరుపు కాదురా. టీ డికాషన్‌లా ఉంటంది."

"అదీ ఇదీ ఒకటే పిన్నీ."

పసరు మందు తాగొస్తానంది. కామెర్లని ఆవిడకే అనుమానం వచ్చిందని నాకు తట్టాలి. తట్టలేదు. నాటువైద్యాన్ని తిట్టి ఆపాను. ఆసుపత్రికి తీసుకెళ్లానా? లేదు. నా చేత్తోనే మాత్రలిచ్చాను. మింగింది.

కళ్లు పచ్చబడ్డాక గానీ విజయవాడ తీసుకెళ్లలేదు. మందులు కాలేయాన్ని దెబ్బతీశాయన్నారు. కొందరికి ఇలా అవుతుందట. వాంతులు మొదలవగానే వచ్చుంటే రక్తం పరీక్ష చేసి, మాత్రలు ఆపి, కుదుటపడ్డాక వాళ్లే మళ్లీ మొదలుపెట్టేవారట. నేను పంచిన కరపత్రం వెనకవైపు ఆ మాటే ఉంది. నేను ముందువైపు చదివి అరిచేవాణ్ణి. మొదట్లో కాలేయం పరీక్షలు చెయ్యకుండా మందులిచ్చి పంపినవాళ్ల మీద కొన్నాళ్లు కోపం తెచ్చుకుని చూశాను. నిలవలేదు.

చేర్చిన రోజు డాక్టరుగారు ఫైలు తెరిచి అడిగారు. "ఇన్నాళ్లు వాంతులవుతుంటే ఎవరికీ చెప్పలేదామ్మా?"

నేను నోరు తెరిచేలోపే పిన్ని అంది. "లేదండీ. పిల్లోడు రోజూ అడిగేవోడు. నేనే దాచాను."

ఆయన రాసుకున్నారు. ఊళ్లో ఎవరు అబద్ధమాడినా మీదికి లేచేవాణ్ణి, మాట్లాడకుండా నిలబడ్డాను. ఇప్పటికీ ఆ ఫైల్లో అదే ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పిన్ని చెప్పింది. రెండుసార్లు చెప్పింది.

ఆయన పెన్ను కదులుతున్నంతసేపూ, పసుపు ముద్దల్లాంటి ఆ కళ్లు నన్నే చూస్తూ ఉన్నాయి, నోరు మెదపొద్దన్నట్టు.